గెస్ట్ హౌస్ పెడుతున్నారా? ముందు మే నెలలో ఊట నీళ్లు కొలవండి



చలికాలం వచ్చిందంటే చాలు, మన కొండలు అందరి ఫోన్లలోనూ ఉంటాయి. వంజంగి మేఘాలు, లంబసింగి పొగమంచు, అరకులో పసుపుపచ్చని వలిసె పూలు. ఆ వీడియో చూసినవాళ్లు శనివారం సాయంత్రం కారెక్కుతారు. ఆదివారం పొద్దున్నకి ఘాట్ రోడ్డు జామ్. సోమవారానికి అందరూ దిగిపోతారు. కొండ మీద మిగిలేది నీళ్ల బాటిళ్లు, చిప్స్ కవర్లు, బీరు సీసాలు, ఆరీ ఆరని నెగళ్లు.

డబ్బు సంగతి? అది కూడా ఎక్కువ భాగం కారుతో పాటే దిగిపోతుంది. రిసార్ట్ ఓనరు మైదానంలో ఉంటాడు. గదులు తుడిచేది, దుప్పట్లు ఉతికేది, రాత్రి కాపలా కాసేది మనోళ్లు.

అందుకే ఇప్పుడు చదువుకున్న మన పిల్లలు చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. "అన్నా, మన సొంత భూమిలో మనమే నాలుగు గదులు కట్టుకుని గెస్ట్ హౌస్ పెట్టుకుంటే తప్పేంటి?"

తప్పేం లేదు. పెట్టండి. నేనైతే అడ్డు చెప్పను. మనకి వేరే దారులు ఎన్ని మిగిలాయి చెప్పండి? ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూటికి నూరు శాతం మనకే ఇచ్చిన జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. డిగ్రీ, బీఈడీ పట్టాలు పెట్టెలో పెట్టుకుని విశాఖలో సెక్యూరిటీ గార్డు పనికి పోతున్నోళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇంటి దగ్గరే ఉండి, మన భూమి మీద నిలబడి నాలుగు డబ్బులు సంపాదించుకునే పని ఏదైనా మంచిదే.

అయితే ఒక్క మాట. గెస్ట్ హౌస్ మనదైనంత మాత్రాన అది మన కొండకు మేలు చేసేస్తుందని అనుకోకండి. బయటోడి రిసార్ట్ మన ఊట తాగేస్తే దోపిడీ అంటాం. మన తమ్ముడి గెస్ట్ హౌస్ అదే ఊట తాగేస్తే ఏమంటాం? కింద గూడెంలో బిందె పట్టుకుని నిలబడిన అమ్మకి రెండూ ఒకటే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మన కొండల్లో గెస్ట్ హౌస్ ఎంత పెద్దది ఉండాలో మార్కెట్ చెప్పకూడదు, బ్యాంకు లోను చెప్పకూడదు. మే నెలలో ఊట చెప్పాలి. ఆ లెక్కను గ్రామసభ రాయాలి.

మొదట భూమి సంగతి

"ఎకో ఫ్రెండ్లీ", "ఎకో రిసార్ట్" అనే బోర్డులు ఘాట్ రోడ్డు పొడుగునా కనిపిస్తున్నాయి. గోడకి వెదురు అంటిస్తారు, లోపల ఏసీ పెడతారు. గేటు మీద ధింసా బొమ్మ వేస్తారు, వెనక బాత్రూం నీళ్లు గెడ్డలోకి వదుల్తారు. ఇలాంటి చోట మొదటి ప్రశ్న వెదురు గురించి కాదు, భూమి గురించి అడగాలి. ఈ భూమి ఎవరిది?

1/70 చట్టం అంటే మనందరికీ తెలుసు. కానీ అందులో ఒక ముక్క చాలామందికి తెలియదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు అమ్మకూడదు అన్నంత వరకే చెప్పుకుంటాం. ఆ చట్టంలో "బదిలీ" అంటే అమ్మకం ఒక్కటే కాదు. తాకట్టు, లీజు, బహుమతి, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. "లీజే కదా బాబూ, భూమి నీ పేరు మీదే ఉంటది" అని ఎవరైనా స్టాంపు పేపరు పట్టుకొస్తే గుర్తుపెట్టుకోండి. ఆ లీజు కూడా చెల్లదు.

1997లో వచ్చిన సమత తీర్పు పుట్టింది కూడా ఇక్కడే. అనంతగిరి మండలం, బొర్రా పంచాయతీ కొండల్లో గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా ఒక "వ్యక్తి" కిందకే వస్తుందని, ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకు లీజుకి ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రోజు బొర్రా గుహలు చూడ్డానికి వచ్చే వేలమందికి ఈ సంగతి తెలియదు. మనకైనా తెలియాలి కదా.

అటవీ హక్కుల పట్టా ఉన్నోళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2006 చట్టం ప్రకారం ఆ హక్కు వారసులకు వస్తుంది. అమ్మడానికి గానీ బదిలీ చేయడానికి గానీ వీల్లేదు.

మరి ఇన్ని చట్టాలు ఉండగా ఇన్ని రిసార్టులు ఎలా లేచాయి? బినామీ. కాగితం మీద మన మనిషి పేరు, గల్లాపెట్టె దగ్గర వేరే మనిషి. కాగితంలో యజమాని అని ఉన్నాయన గేటు దగ్గర సలాం కొడుతుంటాడు. నెలకి కొంత ఇస్తారు, అదీ సీజన్‌లోనే. ఇలాంటి "ఓనరు"గా మారకండి. మీ పేరు ఎవరికీ అద్దెకి ఇవ్వకండి. అది మీ ఒక్కరి నష్టంతో పోయేది కాదు, ఊరి మొత్తానికి ఉన్న రక్షణకి కన్నం పెట్టడమే.

"మరి పెట్టుబడి ఎక్కడిది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, 1/70 చట్టమే ఇచ్చిన దారి. సభ్యులందరూ ఎస్టీలే అయిన రిజిస్టర్డ్ సహకార సంఘానికి భూమి బదిలీ చేయవచ్చు. అయిదారు కుటుంబాలు కలిసి సంఘంగా ఏర్పడితే ఒక్కరి మీద అప్పు భారం పడదు. రెండోది, 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ్ ఉత్కర్ష్ అభియాన్. అందులో దేశం మొత్తం మీద 1,000 గిరిజన హోమ్‌స్టేలకు సాయం ఉంది. కొత్తగా కట్టుకుంటే యూనిట్‌కి 5 లక్షల దాకా, ఉన్న ఇల్లు బాగుచేసుకుంటే 3 లక్షల దాకా, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షలు. ఐటీడీఏ ఆఫీసుకి వెళ్లి మన ఊరు జాబితాలో ఉందా లేదా అడగండి. లేకపోతే ఎందుకు లేదో రాతపూర్వకంగా అడగండి.

నన్నడిగితే ఆ 3 లక్షల దారే మంచిది. కొత్త కాంక్రీటు కంటే పాత మట్టిగోడల పెంకుటిల్లు నయం. మందపాటి మట్టిగోడ ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంచుతుంది. ఏసీ అక్కర్లేదు, హీటర్ అక్కర్లేదు. కొండ వాలుని జేసీబీతో కోయక్కర్లేదు. కోసిన వాలు వానాకాలంలో ఏం చేస్తుందో మనకి వేరే చెప్పాలా?

ఇప్పుడు నీళ్లు

మనం నినాదం ఇచ్చేటప్పుడు జల్, జంగిల్, జమీన్ అంటాం. జల్ ముందు వస్తుంది. గెస్ట్ హౌస్ లెక్కలో కూడా దాన్నే ముందు పెట్టాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. జల్ జీవన్ మిషన్ కింద పల్లెలో ఒక మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలనేది లక్ష్యం. అదే డ్రైనేజీ ఉన్న నగరంలో ఒక మనిషికి 135 లీటర్లు అని లెక్క వేస్తారు. మన దగ్గరికి వచ్చే అతిథి నగరం నుంచి వస్తాడు. ఆ అలవాటు కూడా వెంట తెచ్చుకుంటాడు.

నాలుగు గదులు, ఎనిమిది మంది అతిథులు అనుకోండి. మనిషికి 135 చొప్పున 1,080 లీటర్లు. మన ఊళ్లో దాదాపు 20 మందికి సరిపోయే నీళ్లు అవి. ఇరవై గదుల రిసార్ట్ అయితే? 40 మంది, 5,400 లీటర్లు. అంటే 98 మంది నీళ్లు. ఒక చిన్న గూడెం మొత్తం. స్విమ్మింగ్ పూల్ సంగతి నేను ఇంకా ఎత్తలేదు.

ఇక మీ ఊటలో ఎన్ని నీళ్లున్నాయో ఎలా తెలుస్తుంది? ఇంజినీరు రానక్కర్లేదు. 20 లీటర్ల బకెట్ ఒకటి, ఫోన్‌లో స్టాప్‌వాచ్. పైపు కింద బకెట్ పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

ఉదాహరణకి నవంబరులో 40 సెకన్లలో నిండిందనుకుందాం. నిమిషానికి 30 లీటర్లు, రోజుకి 43,200 లీటర్లు. అబ్బో, బోల్డన్ని నీళ్లు అనిపిస్తుంది. రిసార్టుల వాళ్లు ఇలాంటప్పుడే వచ్చి చూసి, "ఇక్కడ నీళ్లకి కొదవ లేదు" అంటారు. అదే బకెట్ మే నెలలో పెడితే నిండడానికి నాలుగు నిమిషాలు పట్టిందనుకోండి. నిమిషానికి 5 లీటర్లు. రోజు మొత్తానికి 7,200 లీటర్లు. ఆ ఊట మీద 100 మంది బతుకుతుంటే మనుషులకే 5,500 పోతాయి. మిగిలేది 1,700. అందులోనే పశువులు, పెరటి మొక్కలు, గెడ్డలో కిందకి పారాల్సిన ధార.

ఇప్పుడు చెప్పండి. ఆ 1,700లో ఇరవై గదుల రిసార్ట్ 5,400 ఎక్కడి నుంచి తెస్తుంది? బోరు వేస్తుంది. మోటారు పెడుతుంది. ఆ బోరు మన ఊటకి వచ్చే నీటినే లాగితే ఊట ఇంకా తగ్గుతుంది. అప్పుడు ఊరికి ట్యాంకరు. కొండ మీద పుట్టిన నీళ్లని కొండ మీదోళ్లే కొనుక్కుని తాగాలి.

నాలుగు గదుల మన గెస్ట్ హౌస్ కూడా 1,080 తీసుకుంటే ఆ 1,700లో సగం పైన పోయినట్టే. అందుకే గదులు తక్కువైతే చాలదు, వాడకం కూడా తగ్గాలి. షవర్ పెట్టకండి. మామూలు షవర్ నిమిషానికి 10 లీటర్ల దాకా వదుల్తుంది, పది నిమిషాలకి 100 లీటర్లు. అదే బకెట్ స్నానం అయితే 20 లీటర్లతో అయిపోతుంది. పాత ఫ్లష్ ఒక్కసారి నొక్కితే 10 లీటర్లు, మగ్గుతో పోసే దొడ్డికి రెండు మూడు లీటర్లు. దుప్పట్లు, తువ్వాళ్లు రోజూ మార్చక్కర్లేదు, అతిథి మారినప్పుడు మార్చండి. ఇలా చేస్తే మనిషికి 60 లీటర్లలో సర్దవచ్చు. ఎనిమిది మందికి 480 లీటర్లు. పెంకుల మీద పడే వాన నీళ్లు ట్యాంకులో పట్టుకుంటే తుడుపులకీ, మొక్కలకీ ఊట ముట్టుకోనక్కర్లేదు.

అప్పటికీ మే నెల కొలతలో చోటు లేకపోతే? వేసవిలో గదులు మూసేయండి. మన సీజన్ ఎలాగూ చలికాలం. వేసవి సెలవులకి వచ్చేవాళ్ల కోసం ఊరి బిందెలు ఖాళీ చేయక్కర్లేదు.

దొడ్డి, చెత్త: మాట్లాడుకోవడానికి సిగ్గుపడే సంగతులు

టూరిజం మీటింగుల్లో వ్యూ పాయింట్ల గురించి మాట్లాడతారు గానీ దొడ్డి గురించి ఎవరూ మాట్లాడరు. మన ఊట చెడిపోయేది మాత్రం అక్కడి నుంచే.

సెప్టిక్ ట్యాంకు కట్టేశాం కదా, సరిపోయింది అనుకుంటారు. ట్యాంకు నుంచి బయటికొచ్చే నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? దానికి ఇంకుడు గుంత లేకపోతే తిన్నగా గెడ్డలోకే. ట్యాంకు నిండితే లాగే లారీ వస్తుంది. అది కొండ దిగేలోపు ఎక్కడ ఖాళీ చేస్తుందో ఎవరు చూశారు?

చిన్న గెస్ట్ హౌస్‌కి రెండు గుంతల మరుగుదొడ్డి మేలు. ఒక గుంత వాడుతుంటే రెండోది ఖాళీగా ఉంటుంది. మొదటిది నిండాక దాన్ని మూసి రెండోదానికి మళ్లిస్తారు. మూసినదాన్ని కనీసం ఏడాదిన్నర, రెండేళ్లు అలా వదిలేస్తే లోపలిది ఎరువుగా మారుతుంది. చెట్లకి వేసుకోవచ్చు. అయితే మూడు జాగ్రత్తలు. గుంతలు ఎట్టి పరిస్థితిలోనూ ఊటకి ఎగువన తవ్వకూడదు. తాగే నీళ్లకి వీలైనంత దూరంగా ఉండాలి. యాసిడ్, ఫినాయిల్ కుమ్మరించకూడదు, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. రాతినేల అయితే తవ్వే ముందు తెలిసినవాళ్లకి చూపించండి, బండల సందుల్లోంచి మురుగు చాలా దూరం పోతుంది.

స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు వేరే కాలువలో పెట్టి అరటి, చేమ మొక్కల మడికి మళ్లించండి. బట్టలు గెడ్డలో ఉతకనివ్వకండి. కింద ఇంకో ఊరు ఉంది, వాళ్లూ మనోళ్లే.

ఇక ప్లాస్టిక్. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, స్పూన్లు దేశమంతా నిషేధం. కానీ నీళ్ల బాటిల్ ఆ జాబితాలో లేదు. దాని సంగతి మనమే చూసుకోవాలి. ఎనిమిది మంది అతిథులు రోజుకి తలా మూడు బాటిళ్లు కొంటే, వంద రోజుల సీజన్‌కి 2,400 బాటిళ్లు. నాలుగే గదులు, 2,400 బాటిళ్లు! తీసుకెళ్లడానికి మున్సిపాలిటీ బండి రాదు. కాలిస్తే ఆ విషపు పొగ పీల్చేది మన పిల్లలే. కాబట్టి నీళ్లు కాచి, వడకట్టి, స్టీలు జగ్గులో పెట్టండి. భోజనం అడ్డాకు విస్తర్లలో పెట్టండి. ఆకులు కుట్టే మన ఆడోళ్ల దగ్గరే, సంతలో దళారీ ఇచ్చే ధర కంటే ఎక్కువిచ్చి కొనండి. అతిథి తెచ్చుకున్న కవర్లు, సీసాలు అతిథే తిరిగి తీసుకెళ్లాలని గది ఇచ్చేటప్పుడే చెప్పండి. మొహమాటపడకండి.

"ఇలా రూల్స్ పెడితే ఎవరొస్తారన్నా?" అంటారేమో. సిక్కింలో లాచెన్ అనే కొండ ఊరు ఉంది. అక్కడ "జుమ్సా" అనే పాత ఊరి సభ ఇప్పటికీ నడుస్తుంది. మన పెద్దమనుషుల పంచాయితీ లాంటిదే. బాటిల్ నీళ్లు మా ఊళ్లోకి రాకూడదని 2012లో ఆ సభే తీర్మానం చేసింది, ఏ కోర్టూ చెప్పలేదు. టూరిస్టులు మానేశారా? మానలేదు. తర్వాత పదేళ్లకి, 2022లో, సిక్కిం రాష్ట్రం మొత్తం ఆ దారికే వచ్చింది. ఒక ఊరి సభ చేసిన పనిని ప్రభుత్వం వెనకాల నేర్చుకుంది. మన ఊళ్లు చేయలేవా?

నెగడు, చప్పుడు, తిండి

చలికి వేడినీళ్లు అడుగుతారు, అడగాలి కూడా. రోజూ కట్టెలు కొడితే అడవి ఎంతకాలం ఇస్తుంది? ఒక సోలార్ వాటర్ హీటర్ పెట్టుకుంటే పగటి ఎండకి కాగిన నీళ్లు ట్యాంకులో వెచ్చగా ఉంటాయి. పొగమంచు దిగని రోజుల్లో చాలకపోతే అప్పుడు పొయ్యి వెలిగించండి.

రాత్రి నెగడు అందరికీ ఇష్టం. గుడారానికొకటి కాకుండా అందరికీ కలిపి ఒకటే వేయండి. కాఫీ తోటల్లో కొమ్మలు కత్తిరించినప్పుడు వచ్చే పుల్లలు, సిల్వర్ ఓక్ ఎండుకొమ్మలు చాలు. పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పాలి. డీజే వద్దే వద్దు. చప్పుడుకి పశువులు బెదురుతాయి, ముసలోళ్లకి నిద్ర ఉండదు. పొద్దున్నే లేచి పొలం పోవాల్సిన ఊరు మనది.

తిండి విషయంలో మనకున్నంత బలం ఎవరికీ లేదు. రాగులు, సామలు, కొర్రలు, కొండ చిక్కుళ్లు, చింతపల్లి రాజ్మా, నాటుకోడి. మన కాఫీ. "అరకు వ్యాలీ అరబికా"కి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. అలాంటి కాఫీ పండించే ఇంట్లో అతిథికి ప్యాకెట్ పొడి కాఫీ ఇస్తామా? కింద నుంచి పనీరు, మైదా, కూల్ డ్రింకులు మోసుకొచ్చి పెడితే డబ్బు కిందకే పోతుంది, చెత్త పైన మిగులుతుంది. ఊళ్లో పండింది పెడితే రెండూ తిరగబడతాయి. సంతలో కూరగాయలు అమ్మే అక్కకి, కోళ్లు పెంచే పెద్దమ్మకి అందులో వాటా వస్తుంది.

ఆడోళ్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. గెస్ట్ హౌస్ తమ్ముడి పేరు మీద, వంట అమ్మ చేస్తుంది, గదులు చెల్లి తుడుస్తుంది, దుప్పట్లు వదిన ఉతుకుతుంది, డబ్బు మాత్రం తమ్ముడి ఫోన్‌పేలో పడుతుంది. ఇది న్యాయమా? పని చేసిన ప్రతి ఒక్కరికీ కూలి లెక్క రాయండి, లాభంలో వాటా రాయండి. ధింసా ఆడించడం కూడా అంతే. పండక్కి మనం ఆడేది మన సంబరం. అతిథి కోసం ఆడితే అది పని. పనికి డబ్బు ఇవ్వాలి, ఆడాలా వద్దా అన్నది ఆడేవాళ్లే చెప్పాలి. అడగకుండా ఇళ్లల్లోకి కెమెరా పెట్టకూడదని కూడా గోడ మీద రాసి పెట్టండి.

ఇద్దరికి జవాబు

మన ఉద్యమంలో పెద్దలు కొందరు అంటారు: "టూరిజం అంటేనే దోపిడీ. ఒక్క గదీ వద్దు." వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. గనులు, డ్యాములు, ఇప్పుడు రిసార్టులు, అన్నీ "అభివృద్ధి" పేరుతోనే వచ్చాయి. కానీ మనం వద్దన్నంత మాత్రాన కార్లు ఆగడం లేదు. మనం లేని చోట బినామీ లేస్తున్నాడు. ఖాళీగా వదిలేసిన చోటుని వాళ్లు తీసుకుంటున్నారు. మన పిల్లలు పరిమితి పెట్టుకుని నడుపుకుంటే, ఇక్కడ ఎలా ఉండాలో చెప్పే హక్కు మన చేతిలో ఉంటుంది.

ఇంకొందరు తమ్ముళ్లు అంటారు: "నాలుగు గదులతో ఏం మిగుల్తుంది అన్నా? పక్క రిసార్ట్‌లో ముప్పై గదులున్నాయి." నాలుగు గదులతో కోటీశ్వరులు కారు, నిజమే. కానీ కాఫీ, మిరియాలు, పసుపు, పొలం పని ఎలాగూ ఉన్నాయి. వాటికి తోడుగా వచ్చే ఆదాయం ఇది. సీజన్ పడిపోయినా, రోడ్డు తెగినా, కరోనా లాంటిది మళ్లీ వచ్చినా ఇల్లు గడుస్తుంది. ముప్పై గదులకి అప్పు చేసినోడు ఖాళీ గదులకి కూడా వడ్డీ కట్టాలి. కట్టలేని రోజున అప్పిచ్చినోడు భూమి వైపు చూస్తాడు. మళ్లీ కథ మొదటికొస్తుంది.

గ్రామసభ చేయాల్సిన పని

ఒక్కో ఇల్లు విడివిడిగా మంచిగా ఉంటే సరిపోదు. నేను నాలుగు గదులు పెట్టాను, పక్కింటోడు నాలుగు, ఎదురింటోడు నాలుగు. పది ఇళ్లు అయ్యేసరికి నలభై గదులు. ఊట మాత్రం ఒక్కటే. కాబట్టి లెక్క ఊరి మొత్తానికి ఉండాలి.

దానికి అధికారం ఎవరో ఇవ్వనక్కర్లేదు, చట్టంలోనే ఉంది. 1996 పెసా చట్టం మన ఉమ్మడి వనరుల్ని కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకి ఉందని చెప్పింది. చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకి అప్పగించింది. భూమి అన్యాక్రాంతం కాకుండా ఆపే, పోయినదాన్ని వెనక్కి తెచ్చే అధికారం కూడా అందులో ఉంది. అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షన్ ఊటల్నీ, వాటి పరీవాహకాన్నీ కాపాడే బాధ్యతని గ్రామసభ మీదే పెట్టింది.

అందుకే ఈ వ్యాసం చదివిన ప్రతి ఊరి యువతకి నాలుగు పనులు చెబుతున్నా.

ఒకటి. వచ్చే మే నెలలో మీ ఊరి ప్రతి ఊట దగ్గరా బకెట్ పెట్టి కొలవండి. తేదీ, సెకన్లు నోట్‌బుక్‌లో రాయండి, వీడియో తీయండి. ఏటా అదే నెలలో మళ్లీ కొలవండి. రేపు ఏ ఆఫీసుకి వెళ్లినా చేతిలో కాగితం ఉంటుంది.

రెండు. ఆ కొలతని గ్రామసభలో చదివి, మనుషులకీ పశువులకీ గెడ్డకీ పోగా మిగిలిన నీళ్లకి ఎన్ని గదులు సరిపోతాయో తేల్చండి. అంతకు మించి ఒక్క గది కూడా వద్దని తీర్మానం రాయండి. మనోళ్లదైనా సరే.

మూడు. బాటిల్ నీళ్లు, డీజే, ఊటకి ఎగువన దొడ్లు వద్దని అదే తీర్మానంలో చేర్చండి. ఒక్కో గదికి రాత్రికి ఇంత అని ఊరి నిధికి కట్టేలా పెట్టుకోండి. ఆ డబ్బుతో ఊట పైన చెట్లు, కందకాలు చూసుకోవచ్చు.

నాలుగు. మీ పంచాయతీలో ఉన్న రిసార్టులు, గుడారాల స్థలాల జాబితా తయారు చేయండి. భూమి ఎవరి పేరున ఉంది, నిజంగా ఎవరు నడుపుతున్నారు, లీజు కాగితం ఉందా? అనుమానం ఉన్నచోట 1/70 కింద ఫిర్యాదు ఇవ్వండి. రసీదు తీసుకోవడం మరవకండి.

ఇవన్నీ చేశాక మీ నాలుగు గదులు కట్టుకోండి. వచ్చిన అతిథికి ఊట చూపించండి. "ఈ నీళ్ల మీద మా ఊరు బతుకుతుంది. మీకు ఒక బకెట్ మా వాటాలోంచి ఇస్తున్నాం" అని చెప్పండి. అర్థం చేసుకునేవాడు మళ్లీ వస్తాడు, నలుగురికి చెప్తాడు. షవర్ లేదని అలిగి వెళ్లిపోయేవాడిని వెళ్లనివ్వండి. అతని కోసం మన గూడెం బిందెలు ఎండిపోనక్కర్లేదు.

మీ ఊట కొలతలు రాసి పంపండి. ఊరి పేరుతో సహా ఇక్కడే పెడదాం.

జల్, జంగిల్, జమీన్. జై ఆదివాసీ!